తవక్కుల్‌కి ముందు లైఫ్ జాకెట్

మగాళ్లు నలుగురు కలిసి సఫర్ పోవడం మా ఇళ్లల్లో పెద్ద మస్లా కాదు. అజ్మీర్ పోతారు, జమాత్‌లో నలభై రోజులు పోతారు, ఉరుసులకు పోతారు. ఆడవాళ్లు రొట్టెలు, ఖీమా కట్టిచ్చి గడప దగ్గర "ఫీ అమానిల్లాహ్" అని సాగనంపుతారు. కానీ ఈ ఎండాకాలం మేం "పడవెక్కి తిరుగుతాం, రాత్రి ఆరుబయట పడుకుంటాం" అనేసరికి అయిదిళ్లల్లో అయిదు రకాల హంగామా మొదలైంది. ఇంకా బయల్దేరనే లేదు. అయినా ఈ ఇంతెజామ్‌లోనే మాట్లాడుకోవాల్సిన సంగతి ఒకటి బయటపడింది. అందుకే రాస్తున్నాను.

ఐడియా మాది కాదు, మా తోట భాయ్ కొడుకుది. ఇంజనీరింగ్ పిల్లాడు. ఫోన్‌లో ఎక్కడో అమెరికా వాళ్ల వీడియో చూపించాడు. సన్నటి పడవలో ఇద్దరేసి కూర్చుని, తెడ్లు వేసుకుంటూ ఏటి వాలున పోతున్నారు. పొద్దుగూకేసరికి ఒడ్డున గుడారం వేసి చేపలు కాల్చుకుంటున్నారు. ఇషా నమాజ్ అయ్యాక మైలవరం సెంటర్లో చాయ్ తాగుతూ అయిదుగురం తలకాయలు దగ్గర పెట్టి చూశాం. నలభై దాటిన వాళ్లకు ఇలాంటి షౌక్ పడితే ఒక పట్టాన దిగదు. ఆ రాత్రే "కష్తీ" అని వాట్సాప్ గ్రూపు తయారైంది.

అయిదుగురం ఎవరంటే, తోట భాయ్ మామిడి తోటలు గుత్తకు తీసుకుంటాడు. హాఫిజ్ సాబ్ మద్రసాలో పిల్లలకు చదువు చెబుతారు. స్పేర్ పార్టుల భాయ్ మొన్నమొన్నటి దాకా బెజవాడ సింగ్‌నగర్‌లో కాపురం ఉన్నాడు. మేష్టారు నాతో డిగ్రీలో తెలుగు చదివిన హిందూ దోస్త్, రంజాన్‌లో మాకన్నా ముందు హలీం దగ్గర నిలబడేది ఆయనే. అయిదోవాణ్ణి నేను.

మొదటి మస్లా నీళ్లు. ఫోన్‌లో "మైలవరం బోటింగ్" అని కొడితే కడప జిల్లా మైలవరం చూపించింది. అక్కడ పెన్నా మీద డ్యాం ఉంది. మన మైలవరానికి డ్యామూ లేదు, పెద్ద నదీ లేదు. ఉన్నదల్లా బుడమేరు. ఈ చుట్టుపక్కల కొండల నీళ్లు కలుపుకుని, వెలగలేరు దాటి, బెజవాడను రాసుకుంటూ పోయి కొల్లేట్లో పడుతుంది. మే నెలలో దాంట్లో కాగితం పడవ కూడా కదలదు.

"డెల్టా కాలువల్లో పోదాం" అన్నాడు మేష్టారు. మాట బాగానే ఉంది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక, కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికీ పనికొచ్చాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ మీద బియ్యం బస్తాలు, ఉప్పు, మనుషులు అందరూ పడవల్లోనే తిరిగారు. బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోయేవాళ్లు. మా దాదీ పెళ్లయ్యాక బందరు వైపు నుంచి బెజవాడ దాకా పడవలో, అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద అత్తారింటికి వచ్చిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. కానీ ఎండాకాలం పంట అయిపోగానే కాలువలు కట్టేస్తారు. అప్పుడు ఆ కాలువల్లో పిల్లలు క్రికెట్ ఆడతారు.

కొల్లేరు గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎందుకంటే ఆ అమెరికా వీడియోలో పడవకు మన దగ్గర అసలైన చుట్టం కొల్లేటి తాటి దోనె. తాటి మొద్దును తొలిచి, పడవలా చెక్కి, గెడతో తోసుకుంటూ పోతారు. మనిషి కాస్త పక్కకు ఒరిగితే దోనె కూడా ఒరుగుతుంది. చేపలు పట్టేవాళ్లకు పుట్టుకతో వచ్చిన బ్యాలెన్సు మా పొట్టలకు ఎక్కడిది! పైగా కొల్లేరు 1999 నుంచి పక్షుల అభయారణ్యం. మన ఇష్టమొచ్చినట్టు దిగి గుడారం వేస్తామంటే కుదరదు. వేసవిలో నీళ్లు కూడా బాగా లాగేస్తాయి. ఆటపాక దగ్గర గూడబాతుల్ని చూడాలంటే చలికాలం మంచిదని అందరం ఒప్పుకున్నాం.

తర్వాత నాగాయలంక పేరు వచ్చింది. అక్కడ కృష్ణ సముద్రంలో కలవబోయే ముందు వెడల్పుగా, నెమ్మదిగా ఉంటుంది. దిగువన మడ అడవులు. కెనోయింగ్, కయాకింగ్ పిల్లలకు నేర్పించిన ఊరది. తోట భాయ్‌కి అక్కడికి పోవాలనే ఉంది, కారణం మాత్రం వేరే. "అక్కడిదాకా పోతే ఖసర్ వస్తుంది కదా హాఫిజ్ సాబ్, నాలుగు రకాతులకు రెండే?" అన్నాడు. హాఫిజ్ సాబ్ లెక్క చెప్పారు. మన హనఫీల లెక్కలో నలభై ఎనిమిది మైళ్లు, అంటే సుమారు 78 కిలోమీటర్లు దాటితే ముసాఫిర్ అవుతాం. మైలవరం నుంచి నాగాయలంక వంద దాటుతుంది కాబట్టి ఖసర్ వస్తుంది. "కానీ నమాజ్ తగ్గించుకోవడానికి దర్యా వెతుక్కునేవాణ్ణి నిన్నే చూశాను మియా" అన్నారు. పిల్లల్ని, పెద్దల్ని పెట్టుకుని అంత దూరం ఎండలో వద్దనుకున్నాం.

చివరికి తేలింది ఇంటి పక్కదే. మైలవరం నుంచి కొండపల్లి మీదుగా పాతిక కిలోమీటర్లు పోతే ఇబ్రహీంపట్నం. అక్కడ ఫెర్రీ. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు మోసే ఊరు, కృష్ణ ఒడ్డున. 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ వల్ల దానికి పైన నది చెరువులా నిలబడి ఉంటుంది. నిండుగా ఉంటే నీటిమట్టం 57.05 అడుగులు, నిల్వ 3.07 టీఎంసీలు. బ్యారేజీకి దిగువన మేలో ఇసుక కనిపిస్తుంది, పైన మాత్రం నీళ్లు ఉంటాయి. మధ్యలో 133 ఎకరాల భవానీ ద్వీపం. టూరిజం వాళ్ల బోట్లు తిరిగేది అక్కడే.

ఈ చర్చల మధ్య నాకూ మేష్టారుకూ ఒక సరదా దొరికింది. నేను స్కూల్లో ఉర్దూ మీడియం, కాలేజీలో తెలుగు. రెండు గట్ల మీద నడిచినవాణ్ణి. తెలుగులో పడవ మాటలు ఒక్కొక్కటే బయటికి తీశాం. లంగరు మన లంగర్. పడవ నడిపే సరంగు ఫార్సీ సర్‌హంగ్. కళాసీ మన ఖలాసీ. కాలువ గట్ల మీద నీళ్లు కాపలా కాసే లస్కరు మన లష్కర్. బందరు అంటేనే రేవు. గాలివాన ముదిరితే తుపాను, అది మన తూఫాన్. దోనె, తెడ్డు, గెడ, రేవు తెలుగువి. మేష్టారు నవ్వి, "అయితే పడవ మాది, లంగరు మీది" అన్నాడు. "పడవ ఆగాలంటే మా దగ్గరికి రావాల్సిందే" అన్నాను. బందరు రేవులో ఓడలు దిగినకాడి నుంచి ఈ మాటలు ఇలా కలిసే ఉన్నాయి. ఎవరూ విడదీసి తూకం వెయ్యలేరు.

ఇంట్లో చెప్పగానే ఈ సరదా అంతా దిగిపోయింది.

"ఫెర్రీ" అన్న మాట వినగానే మా అమ్మీ తస్బీహ్ ఆపేసింది. "కౌన్సీ ఫెర్రీ? ఓ ఫెర్రీచ్?" అంది. అవును, ఆ ఫెర్రీనే. 2017 నవంబర్ 12, కార్తీకమాసం ఆదివారం. పవిత్ర సంగమం దగ్గర హారతి చూద్దామని పోతున్న ప్రైవేటు బోటు అక్కడే తిరగబడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. ఆ రాత్రి డ్యూటీ మీద నేనూ ఆ ఒడ్డున ఉన్నాను. దగ్గర్లో ఉన్న జాలర్లు తమ పడవలు వేసుకుపోయి చేతికందిన వాళ్లను అందినట్టు లాగారు. ఒక పెద్దాయన సెల్‌ఫోన్ వెలుతురులో పేర్ల కాగితం చదువుతూ, వేలితో వరస దాటిపోయి, మళ్లీ మొదటికొచ్చి చదువుతున్నాడు. ఆ వేలు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ బోటుకు అనుమతి లేదు. ఎక్కినవాళ్లకు లైఫ్ జాకెట్లు లేవు.

అమ్మీకి గోదావరి ఖబర్లు కూడా గుర్తున్నాయి. 2018 మే 15 సాయంత్రం దేవీపట్నం వైపు లాంచీ ఈదురుగాలికి మునిగింది. అది మన ఎండాకాలమే. మరుసటేడు సెప్టెంబర్ 15న పాపికొండలకు పోతున్న టూరిస్టు బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ఆ తర్వాత ప్రభుత్వం బోట్ల మీద నిఘాకు తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టింది. "దర్యా కూ క్యా మాలూమ్ రే, తుమ్ కిస్కే బచ్చే కర్కో" అంది అమ్మీ. మీరు ఎవరి పిల్లలో నదికేం తెలుసు అని. నలభై అయిదేళ్ల కొడుకుతో అంటోంది ఆ మాట.

మర్నాడు చాయ్ దగ్గర ఈ సంగతి చెప్పాను. తోట భాయ్ చెయ్యి ఊపేశాడు. "అల్లాహ్ మాలిక్ హై. జో లిఖా హై వోచ్ హోతా. అయినా నీళ్లల్లో పోతే షహీద్ దర్జా అంట కదా, ఇంకేం ఖౌఫ్?" అన్నాడు. మామూలుగా చెప్పాడో, మజాక్‌కి అన్నాడో తెలీదు. హాఫిజ్ సాబ్ ముఖం మాత్రం ఎర్రబడింది. ఆయన కోప్పడగా నేను చూసింది చాలా తక్కువ.

"ఆ దర్జా, ఇంట్లో మనిషిని నీళ్లకు పోగొట్టుకున్న వాళ్లకు తసల్లీ మియా. ఎక్కేవాళ్లకు టికెట్టు కాదు" అన్నారు. ఒంటె హదీస్ మనకందరికీ తెలిసిందే. ఒంటెను కట్టేసి తవక్కుల్ చెయ్యనా, వదిలేసి తవక్కుల్ చెయ్యనా అని అడిగినవాడికి, ముందు కట్టేయమని జవాబు. హాఫిజ్ సాబ్ అక్కడితో ఆగలేదు. నూహ్ అలైహిస్సలాం దగ్గరికి పోయారు.

"నూహ్ అలైహిస్సలాంను కాపాడతానని వాదా చేసింది ఎవరు? అల్లాహ్. ఆ వాదా కంటే పక్కాది ఇంకేముంది? అయినా కష్తీ కట్టమన్నాడు. పలకలు కావాల్సొచ్చాయి, మేకులు కావాల్సొచ్చాయి. జనం పక్కన నిలబడి మజాక్ చేస్తుంటే ఆ పైగంబర్ కష్తీ కట్టాడు. ఎవరెవరు ఎక్కాలో కూడా హుకుం ముందే ఉంది. కొడుకు మాత్రం నాకు కష్తీ అక్కర్లేదు, కొండెక్కి బతుకుతానన్నాడు. ఏమైంది? వాదా ఉన్న పైగంబర్‌కే మేకులు కొట్టడం తప్పలేదు. నీకూ నాకూ జాకెట్ వద్దా?"

ఎవరం మాట్లాడలేదు. చాయ్ చల్లారిపోయింది. తోట భాయే ముందు తేరుకుని, "అయితే జాకెట్లు లెక్కపెట్టండి హజ్రత్" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా పత్రికల్లో పనిచేస్తున్నాను. రాసిన ఖబర్లలో యాక్సిడెంట్లే ఎక్కువేమో. ఒకే బైకు మీద అయిదుగురు వలీమాకు పోవడం, హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించుకోవడం, పెళ్లి పందిట్లో తడిచిన వైర్లు, ఈద్‌గా నుంచి వస్తూ ఆటోకి రెండువైపులా వేలాడే పిల్లలు. ఏదన్నా అంటే జవాబు ఒకటే: "అల్లాహ్ మాలిక్ హై". ఆ మాట ఎంత పెద్దదో ఆలోచించండి. చేయగలిగిందంతా చేశాక, ఇక మన చేతుల్లో ఏమీ లేదని తెలిశాక, గుండె నిబ్బరానికి అనుకునే మాట. దాన్ని మనం నట్టు బిగించకుండా వదిలేయడానికి వాడుతున్నాం. తవక్కుల్‌ని బద్ధకానికి బురఖాగా వేస్తున్నాం. ఇంట్లో మనతో పాటు వచ్చే ప్రాణాలు మన జాగీరు కాదు, అమానత్. అమానత్‌ని ఎవరైనా లెక్కపెట్టకుండా బయటికి తీస్తారా?

స్పేర్ పార్టుల భాయ్ ఆ రోజు మా మధ్య కూర్చుని కూడా ఏమీ మాట్లాడలేదు. లేచే ముందు ఒక్క మాట అడిగాడు. "నా బిడ్డని తీసుకురావచ్చా?"

ఆ పిల్లకు పన్నెండేళ్లు. 2024 ఆగస్టు ఆఖర్లో కురిసిన వాన మీకందరికీ యాదే ఉంటుంది. మన మైలవరం కొండల మీద పడ్డ నీళ్లే బుడమేట్లోకి దిగాయి. దాన్ని కృష్ణలోకి మళ్లించే కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబర్ 1న తెల్లారేసరికి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వీధులు ఏరులయ్యాయి. అదే సమయంలో కృష్ణ కూడా మునుపెన్నడూ లేనంతగా వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లకు గుద్దుకున్నాయి. పడవలు ఉండాల్సిన నదిలో పడవ నిలవలేదు, పడవ ఎన్నడూ ఎరగని వీధుల్లో పడవలు తిరిగాయి.

వీళ్లది కింది వాటా. పైవాళ్లు తలుపు తీసి మేడమీదికి రానిచ్చారు. మూడు రాత్రులు అక్కడే. డ్రోన్‌తో వేసిన పొట్లాలు పట్టుకుని తిన్నారు. కింద ఈ పిల్ల పుస్తకాలు, స్కూలు బ్యాగు, ఈద్‌కి కుట్టించిన షరారా నీళ్లల్లో. నాలుగోరోజు పడవ వచ్చింది. కరెంటు స్తంభాల మధ్య నుంచి, మునిగిన కార్ల కప్పులకు తగులుకుంటూ, ఊగుతూ వచ్చిన పడవ. ఎక్కేటప్పుడు కాలు జారింది. ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. ఆ తర్వాత వాళ్లు మైలవరం వచ్చేశారు. ఇప్పటికీ రేకుల మీద వాన చప్పుడైతే ఆ పిల్ల మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటుందట. కాళ్లు కింద పెట్టదట.

"దాని జెహెన్‌లో పడవ అంటే అదే ఉండిపోయింది" అన్నాడు వాళ్ల అబ్బా. "మంచి నీళ్లల్లో, పగటిపూట, నవ్వుకుంటూ ఒకసారి కూర్చుంటే బాగుండు. రానంటే వద్దు. జబర్దస్తీ లేదు."

అంతటితో "మగాళ్ల టూరు" ఖతం. ఆ పిల్ల వస్తే వాళ్లమ్మ రావాలి. వాళ్లమ్మ వస్తుందని తెలిసిన నిమిషంలో మా ఇంట్లో నా బీబీ అడిగింది. "సునోజీ, ఈ ఊరికి కోడలిగా వచ్చి పదహారేళ్లు. కృష్ణను ఎప్పుడు చూసినా బ్యారేజీ మీద బస్సు కిటికీలోంచే. నది మధ్యలోంచి ఒడ్డు ఎట్లా ఉంటుందో నాకు చూపించరా?" దీనికి నా దగ్గర జవాబు లేదు. అయిదుగురు మగాళ్ల గ్రూపు మూడు రోజుల్లో పద్నాలుగు మంది ఖాందాన్ అయ్యింది. మేష్టారు భార్య, కూతురు కూడా అందులోనే.

ఆడవాళ్లు చేరాక ఇంతెజామ్ ఒక తీరుకు వచ్చింది. మేం ఎక్కడికి పోదామని వారం కొట్టుకున్నాం. వాళ్లు మొదట అడిగింది ఏం వేసుకోవాలని. ఇది చిన్న విషయం కాదు, నాలాంటి ఇళ్లవాళ్లు చదువుతున్నారు కాబట్టి వివరంగా రాస్తాను. వదులుగా, పాదాల దాకా ఉండే బట్ట నీళ్లల్లో కాళ్లకు చుట్టుకుంటుంది, తడిస్తే బరువెక్కుతుంది. జాకెట్ బురఖా లోపల వేసుకుంటే పట్టీలు సరిగా బిగవవు, బట్ట పైకి తేలి ముఖం మీద పడుతుంది. అన్నిటికన్నా పైన ఉండాల్సింది జాకెట్టే. హాఫిజ్ సాబ్ బేగమే ఫైసలా చెప్పారు. పూర్తి చేతుల సల్వార్ కమీజ్, పిన్నులు పెట్టి బిగించిన స్కార్ఫ్, దాని మీద జాకెట్. బురఖాలు బండిలో. "పర్దా కూడా ఉంది, జాన్ కూడా ఉంది, ఇంకేం కావాలి?" అన్నారావిడ. హాఫిజ్ సాబ్ తల ఊపారు. మేష్టారు భార్య కూడా తన చీర మానేసి చుడీదార్ అంది. చీరకుచ్చిళ్లదీ అదే మస్లా కదా.

తర్వాత ఫెర్రీ దగ్గర చేపలు పట్టే పెద్దాయన్ని కలిశాం. మేష్టారుకు తెలిసినవాడు. ఎక్కడెక్కడ లోతు, ఏ వైపు అందంగా ఉంటుందని మేం అడుగుతుంటే ఆయన మధ్యలోనే ఆపాడు. "ముందు ఎంతమందో చెప్పండి బాబూ. ఎక్కడికనేది తర్వాత" అన్నాడు. తన వలపడవ మాకు ఇవ్వనన్నాడు. "ఇది చేపల పడవ. మీరు కదులుతారు, ఫొటోల కోసం ఒకే పక్కకు పోతారు. టూరిజం బోటెక్కండి." డబ్బులొచ్చే బేరం వద్దన్న ఆ మనిషి మాట మీద నాకు గురి కుదిరింది.

ఇక రాత్రి గుడారం సంగతి. నది ఒడ్డున ఎక్కడపడితే అక్కడ పడుకోవడం కుదరదు. కొండపల్లి అడవిలో అంటే అటవీశాఖ ఇజాజత్ కావాలి. ఆలోచించి చూస్తే మా ఇళ్లల్లో క్యాంపింగ్ కొత్తదేం కాదు. మామిడి తోట గుత్తకు తీసుకున్నవాడు కాయ దిగేదాకా రాత్రిళ్లు తోటలోనే పడుకోవాలి. నులకమంచం, లాంతరు, కుండలో నీళ్లు, కోతుల్నీ దొంగల్నీ తోలడానికి డబ్బా చప్పుడు. తోట భాయ్ అబ్బా, తాతా అందరూ అలా నిద్రపోయినవాళ్లే. పిల్లలు వేసవి సెలవుల్లో అక్కడే తిని, అక్కడే ఫజర్ చదివి, రాలిన రసాలు ఏరుకునేవాళ్లు. దానికి క్యాంపింగ్ అని పేరుందని మాకు తెలీదు, అంతే. కాబట్టి పగలు కృష్ణ, రాత్రి మైలవరం దగ్గర తోట భాయ్ తోట.

పడవ ఏ వేళకు ఎక్కాలో కూడా తోట భాయే చెప్పాడు. "అల్లాహ్ మాలిక్" అని చెయ్యి ఊపిన మనిషే. ఆయనకు ఆకాశం చదవడం వచ్చు. మేలో మధ్యాహ్నం దాకా ఆకు కదలదు, ఉక్కపోస్తుంది. నాలుగింటికి ఒక మూల నల్లబడుతుంది. ఉన్నట్టుండి చల్లగాలి, దాంతోపాటు దుమ్ము. పావుగంటలో ఈదురుగాలి తోటను దులిపేస్తుంది. ఏడాది గుత్త డబ్బు పచ్చికాయై నేల మీద పరుచుకుంటుంది. "నా కాయ రాల్చే గాలే పడవ తిప్పేది. జొహర్‌కల్లా మనం గట్టు మీద ఉండాల" అన్నాడు. ఆ గాలి ఎంత జాలిలేనిదో ఆయనకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలీదు. తన తోట విషయంలో రాత్రంతా మేలుకుని కాపలా కాసే మనిషి, పడవ విషయంలో అల్లాహ్ మాలిక్ అన్నాడే అని నేను మనసులో అనుకుని ఊరుకున్నాను. మనలో చాలామందిమి అంతే. రోజీ దగ్గర ఉన్న ఎహతియాత్ జాన్ దగ్గర ఉండదు.

మొత్తానికి మా ఫైసలాలు ఇవి. మీ ఇంట్లోనూ సెలవుల్లో నీళ్ల మీదికి పోయే ఇరాదా ఉంటే పనికొస్తాయి.

1. టూరిజం ఘాట్ నుంచి, ఆ రోజు నడిపే బోటే. నది మధ్యలో ఇంకొకణ్ణి ఎక్కించుకునే బోటు అసలే వద్దు.

2. ఒడ్డున ఉండగానే జాకెట్ వేసుకోవాలి, బకిల్స్ అన్నీ పెట్టాలి. సీటు కింద ఉన్న జాకెట్ లేనట్టే లెక్క. పిల్లలకు పిల్లల సైజు ఉందో లేదో ముందే అడగాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి జారిపోకూడదు.

3. ఎక్కేటప్పుడు తలల లెక్క, దిగేటప్పుడు తలల లెక్క. బోటు కెపాసిటీ ఎంతో అడిగి, అందులో మనం ఎందరమో చూసుకోవాలి.

4. ఫొటోలకు ఎవరూ లేవరు. అందరూ ఒక పక్కకు పోరు.

5. గాలివాన వస్తే కిటికీలు, పరదాలు మూసుకుని లోపల ఇరుక్కోకూడదు. బయటికి దారి ఎటో ఎక్కగానే చూసుకోవాలి.

6. పొద్దున ఏడింటికి ఎక్కి, పదకొండుకల్లా దిగాలి. జొహర్ నేల మీదే. కదిలే పడవలో ఖిబ్లా వెతుక్కునే అవసరమే రాకుండా.

7. ఎవరైనా పడితే ఈత రానివాడు వెనకాలే దూకడు. తాడు కట్టిన ఖాళీ క్యాన్ విసరాలి. పక్కనే చూస్తున్నవాడు దూకడం వల్ల ఒక ప్రాణం పోయేచోట రెండు పోతాయి.

తిండి సంగతి ఆడవాళ్లు మాకు వదలలేదు. ఎండకు దాల్చా, కొబ్బరి వేసినవి పులిసిపోతాయి కాబట్టి పొద్దుటికి రొట్టెలు, తలావా గోష్, మేష్టారింటి నుంచి పులిహోర. సబ్జా వేసిన షర్బత్, మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. బిర్యానీ దేగ్ రాత్రికి తోటలోనే ఎక్కుతుంది.

ఇంకో ఫైసలా కూడా అయ్యింది, అది ఈ ఒక్కరోజు కోసం కాదు. పద్నాలుగు మందిలో ఈత వచ్చినవాళ్లు ముగ్గురు, ముగ్గురూ మగాళ్లే, అది కూడా చిన్నప్పుడు దిగుడుబావుల్లో నేర్చుకున్నది. ఆ బావులు ఇప్పుడు లేవు. పిల్లలకు ఈత నేర్పమన్నది హజ్రత్ ఉమర్ (రజి.) నసీహత్ అని మన పెద్దలు చెబుతూనే ఉంటారు. మనం విని సుభానల్లాహ్ అని వదిలేస్తాం. బెజవాడ గాంధీనగర్‌లో సర్ విజ్జీ స్విమ్మింగ్ పూల్ ఉంది. ఆడపిల్లలకు వేరే టైమింగ్ కనుక్కునే జిమ్మేదారీ నా బీబీ తీసుకుంది. బుడమేరు మన కొండల్లోంచే పోతోంది. మళ్లీ ఎప్పుడు ఏ వీధికి వస్తుందో తెలీదు. నీళ్లు మగపిల్లలనీ ఆడపిల్లలనీ చూసి రావు.

స్పేర్ పార్టుల భాయ్ కూతుర్ని మేం ఎవరం బతిమాలలేదు. ప్లాను మొత్తం చెప్పి, రావాలా వద్దా నీ మర్జీ అన్నాడు వాళ్ల అబ్బా. రెండు రోజులు ఏమీ అనలేదు. మూడోరోజు మూడు ప్రశ్నలు అడిగింది. నాకు సరిపోయే జాకెట్ ఉంటుందా? మధ్యలో భయమేస్తే వెనక్కి తిప్పుతారా? మనందర్నీ ఎవరు లెక్కపెడతారు?

మొదటిదానికి ఘాట్‌కి పోయి చూసి వచ్చాడు, ఉంది. రెండోదానికి, వెనక్కి తిప్పుతామని అయిదుగురం ఒక్కొక్కరం విడివిడిగా వాదా చేశాం. మూడోది ఆ పిల్లకే అప్పజెప్పాం. రూళ్ల నోట్‌బుక్కులో పద్నాలుగు పేర్లు వయసు వరసన రాసుకుంది. మా అమ్మీ పేరు మొదట ఉంది. అవును, అమ్మీ కూడా వస్తానంది. "గిన్నేవాలీ బచ్చీ హై తో మై ఆతూం" అంది, లెక్కపెట్టే పిల్ల ఉందంటే నేనొస్తానని. పేర్ల పక్కన రెండు గళ్లు గీసి, ఒకదానిమీద "ఎక్కారు", ఇంకోదానిమీద "దిగారు" అని రాసింది.

వచ్చే ఆదివారం, ఇన్‌షాఅల్లాహ్. ఆకాశం బాగోకపోతే ఆ పై ఆదివారం, తొందరేం లేదు. దుఆల్లో యాద్ పెట్టుకోండి.